బుడగల చప్పుడు

వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వేసినప్పుడల్లా నాకు సులోచన మేడమ్ గొంతు వినిపిస్తుంది. యలహంకలోని ఈ ఇంట్లో ఒక్కదాన్నే గనుక రెండు కాయలు చాలు. నేను టెక్నీషియన్‌గా పనిచేసిన ల్యాబుకు మేడమ్ పెద్ద. ఈ ఊళ్ళోనే, కాటన్‌పేటలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. వ్యాసాలు ఇంగ్లీషులో రాసినా మాతో మాట్లాడేది ఇంటి తెలుగే.

ఆరోగ్యవంతులు ఆక్సిజన్ ఎక్కువగా పీలిస్తే ఒంట్లో ఏమవుతుందో చూడడం మా పని. మాస్కు పెట్టడానికి ముందూ తర్వాతా రక్తం తీసి పరీక్షించేవాళ్ళం. పరీక్షకని వచ్చి భయపడిన ఒకతనికి మేడమ్ వంకాయ సంగతే చెప్పారు. "కోసిన వంకాయ గాలి తగిలితే నల్లబడతాది కదప్పా. మనల్ని బతికించే ఊపిరే లోపల కొంచెం కొంచెం కాలుస్తా ఉండాది. దాన్ని ఆపే ఉప్పునీళ్ళు ఒళ్ళే చేసుకుంటాది. ఆక్సిజన్ ఎక్కువైతే ఆ నీళ్ళు చాల్తాయా లేదా, అదే చూస్తా ఉండాం."

"నన్ను కూర వండేస్తారా మేడమ్?"

"గుత్తొంకాయకి నువ్వు పనికిరావులేప్పా, ముదిరిపోయినావు."

తీరా చూస్తే, లోపల ఎంత కాలిందో రక్తంలో చూపే అంకె మిగతావాళ్ళకు పెరిగితే అతనికి తగ్గింది. లెక్క మళ్ళీ వేశాను, రక్తం మళ్ళీ పరీక్షించాను. అదే వచ్చింది. "ఇదొక్కటి తీసేద్దామా మేడమ్?" అన్నాను.

"వాని ఒళ్ళు వాని మాట చెప్పినాది. మనకి నచ్చలేదని వాని నోరు మూసేదానికి మనమెవరమ్మా?" అన్నారు. ఆ అంకె అలాగే ఉండిపోయింది.

కరోనా రెండో అలలో మావారు ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ మీద కొన్నాళ్ళుండి, పోయారు. మిషన్ మిగిలింది. సాయంత్రం ఆరయితే దాన్ని వేసి, గొట్టం ముక్కుకు పెట్టుకుని, ఆయన కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాను. అప్పటికే రిటైరైన మేడమ్ ఒక శనివారం నన్ను చూడవచ్చి అది కాస్తా చూశారు. గొట్టం తీయించి, కాసేపాగి నా వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టారు. తొంభై ఎనిమిది.

"నీకేం తక్కువయిందమ్మా రాజమ్మా?"

"తక్కువేం లేదు. బలానికి పెట్టుకుంటున్నా, మేడమ్."

ఒక్క మాటతో భయపెట్టి ఉంటే ఆ రోజే ఆపేసేదాన్ని. ఆమె అబద్ధం ఆడలేదు.

"ఇంత కొంచెం గాలికి ఏమో అయిపోతాదని చెప్పేదానికి నా దగ్గర లెక్క లేదు. బలమొస్తాదనేదానికీ లేదు. నిండిన బిందెలో నీళ్ళు పోస్తా ఉండావు. ఎందుకో నువ్వే చెప్పల్ల."

మిషన్ సీసాలో నీళ్ళు బుడబుడమంటూనే ఉన్నాయి.

"ఆ చప్పుడు కోసం మేడమ్. ఆయన ఉన్నట్టే ఉంటుంది."

ఆమె ఓదార్చలేదు. చీకటి పడేదాకా పక్కన కూర్చున్నారు. "మా వీధిలో ఊపిరందని ముసలాయన ఉండాడు. ఇస్తావా? ఇయ్యకపోయినా ఏమీ అననులే" అన్నారు. నేనే లేచి స్విచ్ ఆపాను. ఇల్లు ఎంత ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది.

"ఆరింటికి ఫోన్ చేస్తా. మాట్లాడేదేం లేకపోయినా ఎత్తు."

రోజూ చేసేవారు. "వంకాయ కోసినావా? నల్లబడిందా?" అంతే, ఒక్కోరోజు. పోయిన ఏడాది ఆమె కూడా పోయారు. ఆరింటికి ఫోన్ మోగదు.

ఎలా ఉన్నారని పక్కింటివాళ్ళు అడిగితే బాగున్నానని ఊరికే అనను. "ఒంటికేం లేదు. సాయంత్రం ఆరింటికి మాత్రం ఇల్లు భరించలేను" అంటాను. రెండూ నిజమే, ఒకటి తీసేసి చెప్పడం నాకు చేతకాదు.