గిలక కీచుమన్నంతకాలం

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు ఇంటికి ఫ్యాను బాగుచేసే సాయిబును పిలిపించింది. నెల రోజులుగా అది కీచుకీచుమంటూ తిరుగుతోంది. ఆయన నిచ్చెనెక్కి, రెండు చుక్కల నూనె పోసి దిగాడు. "లోపల ఎండిపోయిందమ్మా. ఇంకో నాలుగు రోజులు ఇట్టే తిరిగితే పట్టేసేది" అన్నాడు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. అందరికీ హాయిగా ఉంది. 'పట్టేసేది' అన్న మాట విని నేను మాత్రం లేచి వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను గురజాల దగ్గర పల్లెకు కాపురానికి వెళ్లాను. మా అత్తగారింటి పెరట్లో బావి ఉండేది. మా వైపు బావులంటే తెలుసుగా, నీళ్లు పాతాళంలో ఉంటాయి. కర్ర గిలక, దాని మధ్య ఇనుప ఇరుసు, మూరలకొద్దీ చేంతాడు. ఆ గిలక అరుపు వీధి చివరిదాకా వినపడేది. అది మా అత్తకు సంగీతం. ఆమె కళ్లకు పొరలు కమ్మాయి, చెవులు మాత్రం పాము చెవులు. వసారాలో మంచం మీద పడుకుని, నేను ఎన్ని చేదలు తోడానో చెప్పేది. గిలక అరిస్తే కోడలు పనిలో ఉన్నట్టు, ఆగితే గట్టు మీద కబుర్లాడుతున్నట్టు. తడి తాడు జారకుండా నేను అరచేతులకు బూడిద రాసుకునేదాన్ని. ఆ ఎండిన గిలక మీద తోడితోడి సాయంత్రానికి రెక్కలు నావి కావన్నట్టుండేవి.

అప్పటికి నా కూతురు ఉయ్యాలలో ఉంది. ఒకరోజు దాని తలకు రాయగా మిగిలిన ఆముదం ఇరుసులో పోశాను. చేద ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాలో నేనే నవ్వుకున్నాను. ఆ నవ్వు రెండో చేదదాకా కూడా నిలవలేదు. "ఏమే, ఏందా మౌనం?" అంటూ అత్త గోడ పట్టుకుని వచ్చింది. ఇరుసు తడిమి వేళ్లు వాసన చూసింది. "దీపానికి లేని ఆముదం కొయ్యముక్కకి తాపుతున్నావా?" అంది. పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి ఇరుసులో కూరింది. గిలక మళ్లీ అరిచింది. ఆమె మళ్లీ పడుకుంది.

బూడిద చేతికైతే పట్టునిస్తుంది. ఇరుసులో అది ఆముదంతో, దుమ్ముతో కలిసి రోజురోజుకీ ముద్దకట్టింది. ఎండలు ముదిరేసరికి గిలక తిరగడం మానేసింది. తాడే దాని మీద ఒరుసుకుంటూ జారేది. ఒరుసుకున్నచోట పీచులు లేచాయి. తిరగని గిలకకు అరుపెక్కడిది? అత్తకు మళ్లీ మౌనం వినపడింది. "మళ్లీ పోశావా?" అంది. "పొయ్యలేదత్తా, పట్టేసింది" అన్నాను. "అబద్ధాలు నేర్చినావు చానా" అంది. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఇంకెప్పుడూ ఆ గిలక ఊసెత్తకూడదని పంతం పట్టాను.

ఆ వేసవిలో నీళ్లు అడుగంటితే మా ఆయన పూడిక తీయడానికి దిగాడు. మనిషి మెతక, తల్లి మాట జవదాటడు. దిగబోతూ, "గిలక బాగా తిరుగుతందా?" అని అడిగాడు. నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "నీ పెళ్లాం దానికి ఆముదం తాపిందిలే. తిరగక ఏం చేస్తది?" ఆయన నావైపు చూసి నవ్వాడు. నేను చూపు తిప్పుకున్నాను. బావి గోడలో పొదిగిన రాళ్ల మీద కాళ్లు మోపుకుంటూ దిగిపోయాడు.

అత్తా నేనూ ఒకే తాడు పట్టుకుని మట్టి గంపలు లాగాం. "ఇంత బరువేందే? వీడు రాళ్లు కూరుతున్నాడా?" అని కిందికి వంగి కేకేసింది. "నువ్వు ముసలిదానివయ్యావులేవే అమ్మా" అని లోపలినుంచి నవ్వు. అయిదో గంప సగం దాకా వచ్చింది. కమిలిన పీచు వాసన కొట్టింది. చెప్దామనుకున్నాను. ఈ ఒక్క గంప పైకి రానీ అనుకున్నాను. అంతలో తాడు తేలికైపోయింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం.

ఊళ్లోవాళ్లు ఆయన్ని పైకి తీశాక, జనం మధ్యలోంచి అత్త లేచి బావి దగ్గరికి వెళ్లింది. చెయ్యి చాపి గిలకను తిప్పబోయింది. కదల్లేదు. రెండు చేతులా తిప్పింది. కదల్లేదు. అప్పుడు పొరలు కమ్మిన ఆ కళ్లతో నేనున్న వైపు చూసింది. నేను అబద్ధమాడలేదని ఆమెకు తెలిసింది. కొడుకు అడిగినప్పుడు నిజం చెప్పలేదనీ తెలిసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు గిలకను ఊడదీయించి, బూడిద ముద్దంతా తనే గోళ్లతో గీకింది. ఆముదం నిండా పోసింది. అప్పటినుంచి తాను పోయేదాకా ఏ పూటా ఇరుసు ఎండనియ్యలేదు. పదమూడేళ్లు ఆ గిలక చప్పుడు చేయలేదు, మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆమె లేదు, బావి పూడ్చేశారు. 'తిరగడం లేదు' అని చెప్పడానికి రెప్పపాటు చాలు. ఆ రెప్పపాటుతో పోలిస్తే, ఆ తర్వాత గడిచిన ఇన్నేళ్లూ నాకు పొట్టిగానే కనిపిస్తాయి.