పేరులేని బుడగ

ఈ రోజు మాదాపూర్‌లో, నేను క్యాంటీన్ నడిపే కంపెనీలో, గోడ మీద నీలిరంగు బుడగలు తేలాయి. అన్నిటికన్నా తక్కువ పోయే టిఫిన్ ఒకటి తీసేయాలని పెద్దసారు ఆలోచన. ఎక్కువమంది తినే టిఫిన్‌కి పెద్ద బుడగ, తక్కువమంది తినేదానికి చిన్న బుడగ వచ్చేలా ఆఫీసులో పనిచేసే కాకినాడ రవి కంప్యూటర్‌లో చార్టు చేసి, ప్రొజెక్టర్‌తో గోడ మీద వేశాడు. లైట్లార్పిన గదిలో అవి సబ్బుబుడగల్లా ఊగుతుంటే, వాటితోపాటు నేనూ కాసేపు తేలాను.

"ఆ చిన్నది ఏంటయ్యా?" అన్నారు సారు.

రవి గోడ దగ్గరికెళ్లి చూశాడు. అంత చదువు చదివి, బుడగల మీద పేర్లు టైపు చేయడం మరిచాడు. అంకెలే ఉన్నాయి.

"క్యాంటీన్ ఆయన్ని అడగండి సార్, ఆయనకి తెలుసండి."

తెలుసు. అది ఉప్మా. ఉప్మా పోతే, అదొక్కటే వండే యాదమ్మ పనీ పోతుంది.

"బ్రెడ్డు జామ్ సార్," అన్నాను.

రోజూ బ్రెడ్డు జామే తినే రవి మొహంలో గాలి పోయింది.

సాయంత్రం యాదమ్మ అడిగింది: "అన్నా, రేపు ఉప్మా ఎంత చెయ్యాలె?"

"జర ఎక్కువనే చెయ్యి. ఇగ రవి సారు కూడా అదే తింటడు."

ఆ చిన్న బుడగ ఇంకా నా కళ్లముందు తేలుతూనే ఉంది. మీరైతే దానికి ఏం పేరు పెట్టేవారు?