అన్న చూపించిన పచ్చని మూల

ఇరవై రెండేళ్లుగా బడిలో ఇంగ్లీషు చెబుతున్నాను. ‘సివియర్’ అనే విశేషణానికి నా నోటుపుస్తకంలో ఐదు వాడుకలున్నాయి: తీవ్రమైన జ్వరం, కఠినమైన శిక్ష, కొరికే చలి, నవ్వెరుగని ముఖం, ఆడంబరం లేని కట్టడం. ఆరోది కరవు. అది కరవు అంచనా ఫారంలో ఒక గడి. దాని కింద ‘మోడరేట్’, అంటే ఓ మోస్తరు, అని మరో గడి ఉంటుంది. మా అన్న పొలం పై గడిలో పడితేనే ఆయన జత ఎద్దులకు సర్కారు పశువుల శిబిరంలో మేత దొరుకుతుందని ఆ ఏడు నాకు చెప్పారు.

చివరి వాన పడిన నలభై ఒకటో రోజున, ఉదయం పదకొండూ ఇరవైకి, బెళుగుప్ప దగ్గరి మా వేరుశనగ చేను చూసి ఆ ఫారం నింపడానికి అధికారి వచ్చారు. చేనికి వచ్చిన మనిషికి ఉన్నదాంట్లో మంచిది చూపించడం మా వైపు మర్యాద. అన్న ఆయనను నేరుగా బోరు మూలకు తీసుకుపోయాడు. అక్కడ పైపు కారి నాలుగు సాళ్లు పచ్చగా ఉన్నాయి. రెండు చెట్లు పీకి కాయలు చేతిలో పెట్టాడు.

“తినండి సార్. ఈడ ఊడలు బాగా దిగి కాయ పట్టినాయి.”

“పంట బాగానే ఉందే.”

నేను అన్న చెవిలో అన్నాను: “ఎండిన పక్క చూపీ అన్నా.”

“నోరు మూసుకోప్పా. వచ్చినోనికి ఎండు కంప చూపిస్తారా ఎవురైనా?”

అధికారి అక్కడే నిలబడి ఫోనుతో ఫోటో తీశారు. ‘మోడరేట్’ గడి నొక్కారు.

“సార్, మిగతా చేనంతా ఎండింది. సివియర్ అని పెట్టాల,” అన్నాను.

“ఫోటో ఆఫీసుకు పోయింది సార్. ఇంక నా చేతిలో లేదు. ఇటు పిల్చుకొచ్చింది మీ అన్నే కదా.” ఆయన గొంతులో కోపం లేదు.

ఆ సాయంత్రం సాళ్లన్నీ లెక్కపెట్టాను: రెండు వందల పన్నెండు. పచ్చనివి ఆ నాలుగే. మరుసటి రోజు ఇంగ్లీషులో అర్జీ రాశాను. ఆ విశేషణాన్ని మూడుసార్లు, మూడు చోట్లా సరైన అర్థంలో వాడాను. రసీదు ఇచ్చారు. పదిహేడు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాను. గడి మారలేదు.

“ఆ మాటకు అంత బలముందని ముందే చెప్పుంటివా?” అని అన్న అడిగాడు.

“చెప్పుంటే ఏం చేసేవాడివి?”

“కాయలైతే పెట్టకుండా ఉండల్యాను,” అన్నాడు.

పద్దెనిమిదో రోజు ఎద్దులను సంతకు టెంపో ఎక్కించాం. పెద్దది కాలు పెట్టనని మొరాయిస్తే అన్న ముందు నుంచి బుజ్జగించాడు, నేను వెనక నుంచి తోశాను.