తెలీని తప్పుని మింగకూడదు

మా పై అంతస్తు పెదనాన్న మంగళవారం పోయాడు. సమాధి దగ్గర అందరూ మెత్తని మనిషి, ఒకరి జోలికి పోడు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రోజూ నన్ను తిట్టిన మనిషాయన. ఆ తిట్లు లేకపోతే నేనివాళ కుట్టు మిషను ముందే ఉండేదాన్ని.

రక్తసంబంధం ఏమీ లేదు. రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఒకే మెట్లు ఎక్కేవాళ్ళం, అంతే. కరెంటు రాగానే చీపురుకర్రతో మా కప్పు మీద కొట్టేవాడు, పాఠానికి రమ్మని. ఎంతదాకా చదివావని ఒక్కసారీ అడగలేదు. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుందని నమ్మడు, అందుకే ఎప్పుడో దింపి దాచుకున్న పాఠాల్లోంచి, ఇంకా పాత బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ నేర్పాడు.

ప్రోగ్రాములో తప్పు జరిగితే పట్టుకునే చోటుని క్యాచ్ అంటారు. దాని బ్రాకెట్లోనే ఇఫ్, అంటే ఫలానా తప్పయితేనే అన్న షరతు పెట్టి, ఏ తప్పుకి ఆ క్యాచ్ విడిగా రాయించేవాడు. ఏదీ పట్టకపోతే ఆ తప్పు తనంతట తనే పైకి పోతుంది. ఎంత మర్యాదగా ఉందో సూడవే అని మురిసిపోయేవాడు.

ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో నేను పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ వాళ్ళు, పనివాళ్ళని ఇళ్ళకి చేర్చే ఫెర్రీ బస్సుల వేళలు చూపించే పేజీ చేయమన్నారు. బాగుంటే ఆఫీసులో ఉద్యోగం, లేదంటే మళ్ళీ కుట్టు లైనే. పెదనాన్న కంప్యూటర్లో చక్కగా ఆడింది. గేటు దగ్గర ఆడవాళ్ళ ఫోన్లలో మాత్రం తెల్ల తెర. ఆ బ్రాకెట్లో ఇఫ్ అనేది అసలు జావాస్క్రిప్ట్ ప్రమాణంలోనే లేదట. ఒకే ఒక్క బ్రౌజరు సొంతంగా పెట్టుకుని, తర్వాత అదీ తీసేసింది. మిగతావి ఆ ముక్క చూసి ఫైలు మొత్తాన్నే చదవం పొమ్మన్నాయి.

చచ్చిపోయిన మాట నేర్పి నా నోట్లో మట్టి కొట్టావని మెట్ల మీదే అరిచాను. మర్నాడు ఆయన లుంగీ బిగించి నాతో ఫ్యాక్టరీకి వచ్చాడు. తప్పు నాది, పిల్లది కాదని సూపర్‌వైజరుకి బర్మా భాషలో చెప్పి, సాయంత్రందాకా గడువు అడిగాడు. గేటు పక్క టీకొట్లో కూర్చుని, ఒకే క్యాచ్ పెట్టి దాని లోపల ఇఫ్‌లు రాయించాడు. పేజీ వచ్చింది. లేవబోతే చెయ్యి పట్టి మళ్ళీ కూర్చోబెట్టాడు.

"ఆఖర్న ఎల్స్ ఏదే, ఏ ఇఫ్‌కీ దొరకనిదాని సంగతేటి? నీకు తెలీని తప్పుని మింగేత్తావేటి? త్రో ఎయ్యి. పైకి పోనీ."

"పైన పట్టేవాడు లేకపోతేనో, పెదనాన్నా?"

"గట్టిగా పడుద్ది. పడనీ. సప్పుడైతేనే కదే ఎవడైనా సూసేది."

ఇలాంటి మనిషినా మెత్తన అంటారు?

ఆ ఉద్యోగం నాకే వచ్చింది. కానీ ఆ సాయంత్రం షిఫ్టు వదిలినప్పుడు అదింకా తేలలేదు. ముక్కూ మొహం తెలీని ఒకామె భుజం మీంచి పెదనాన్న ఆమె ఫోన్లోకి తొంగి చూశాడు. బర్మా వాళ్ళు బాబాయిని పిలిచినట్టు ఏంటి ఊలే, నా ఫోన్లో నీకేం పని అని ఆమె కసిరినా జరగలేదు. బస్సు వేళలు తెర మీద కనిపించాయి. ఆయనకది చాల్లేదు. రోడ్డు మీదకి దిగి, లుంగీ అంచు దుమ్ములో ఎగురుతుంటే, ఆ బస్సు నిజంగా వస్తుందో లేదోనని మెడ సాచి నిలబడ్డాడు.