కనుమ నాడు కదలకూడదన్న మాట

మా వైపు కనుమ నాడు ఎవరూ ఊరు దాటరు. కాకి కూడా కదలదని సామెత. ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని నేను పదకొండేళ్ళు తిరిగాను. పాండిత్యం కోసం కాదు. నాకు అందులో పని ఉంది.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ కనుమ పొద్దున ఎడ్లను కాలవలో కడిగి, కొమ్ములకు రంగు పూసి, చొప్ప వేసి కట్టేశాను. అమ్మ గారెలు వండుతోంది. వశిష్ఠ గోదావరి అవతలి లంక నుంచి ఒక జాలరి వచ్చాడు. మా అక్కనిచ్చిన ఊరు అదే. పెరటి గుమ్మం దగ్గర అమ్మతో కాసేపు మాట్లాడి, తర్వాత అరుగు మీదున్న నా దగ్గరికి వచ్చాడు.

"అక్కగారికి ఒంట్లో బాగోలేదండి. మిమ్మల్ని ఓసారి చూడాలంటున్నారండి. పడవ రేవులోనే ఉందండి," అన్నాడు.

కండువా కోసం లోపలికి వెళితే అమ్మ ఎదురొచ్చింది. జ్వరమేనట, రేపు తెల్లవారుజామున బయలుదేరమంది. కనుమ నాడు కదిలి చెడిపోయిన వాళ్ళ పేర్లు వరసగా చెప్పింది. మరి ఇతను కదిలి వచ్చాడు కదా అన్నాను. బయట నుంచి అది విన్న జాలరి, వల వెయ్యని పూట తమ ఇళ్ళల్లో పొయ్యి వెలగదనీ, చేపలకు కనుమ ఎవరూ చెప్పలేదనీ అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అమ్మ అతనికి ఆకులో గారెలు పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని, నా వంక చూశాడు.

"రానంటారాండి?"

రేపు వస్తానని చెప్పమన్నాను.

ఆ రోజంతా ఇంటికీ కాలవగట్టుకీ మధ్య తిరిగాను. మర్నాడు నది దాటి మధ్యాహ్నానికి లంక చేరాను. అక్క కిందటి సాయంత్రమే పోయింది. దహనం కూడా అయిపోయింది. అది జ్వరం కాదు, అంటుకునే మరిడి జాడ్యం. వాంతులూ విరేచనాలూ పట్టుకుని రెండు రోజుల్లో తీసుకుపోయింది. ఆమె అత్తగారు అంతకు ముందు రోజే పోయారట. చివరిదాకా గుమ్మం వైపే చూసిందని బావ చెప్పాడు. నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

తప్పు ఎవరిదో తేలకపోతే నాకు తిండి సయించేది కాదు. అమ్మది అనడానికి నోరు రాలేదు. నాది అనుకోవడానికి ధైర్యం చాలలేదు. మిగిలింది ఆ కనుమ మాట. దాని మూలం పట్టుకుంటే దాన్నే దోషిని చెయ్యవచ్చనుకున్నాను.

పాలకొల్లు గుడి దగ్గర ఒక శాస్త్రిగారిని అడిగాను. శాస్త్రంలో లేదు, ఆచారంలో ఉందన్నారు. రాజమండ్రి నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివాను. వాటిలోనూ లేదు. గంగిరెద్దులవాడు ఒక కథ చెప్పాడు. రోజూ తలంటుకోండి, నెలకోసారి తినండి అని మనుషులకు చెప్పిరమ్మని శివుడు బసవన్నను పంపాడట. బసవన్న దాన్ని తిరగేసి, రోజూ తినమని చెప్పాడట. అంత తిండి ఎవరు పండిస్తారు, నువ్వే పోయి దున్నమని శివుడు శపించి, ఏడాదికి ఒక్క రోజు సెలవిచ్చాడట. కబురు తప్పు చెప్పినందుకు శిక్ష ఉందన్న మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది.

ఆఖరికి సామర్లకోటలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పక్కన కూర్చున్న ముసలి రైతు ఒక్క మాటలో తేల్చేశాడు.

"ఆ రోజు ఎడ్లని బండికి కట్టకూడదండి. ఎడ్లు లేకపోతే బండి లేదు, బండి లేకపోతే ప్రయాణం లేదు. అంతే. నడిచేవాణ్ణి ఎవరాపారండి?"

నేను పెళ్ళిభోజనం దాకా ఆగలేదు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె మినప్పప్పు కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఎడ్ల సంగతి నాకు తెలియదేంట్రా? రైతు ఇంట్లో పుట్టినదాన్ని," అంది. పప్పు నీళ్ళు వంపి మిగతాది చెప్పింది. "అక్కకి మరిడి అని ఆ జాలరి పెరట్లోనే చెప్పాడు. దాని అత్తగారు పోయిందనీ చెప్పాడు. నీతో అనొద్దన్నాను. కనుమ కాకపోతే ఇంకో మాట వెతుక్కునేదాన్ని."

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెబితే వెళ్తావని." అప్పుడు తల ఎత్తింది. "వెళ్ళేవాడివేగా?"

వెళ్ళేవాణ్ణని వెంటనే అన్నాను. ఆమె నమ్మింది. మళ్ళీ పప్పులో చెయ్యి పెట్టింది.

నేను బయటికి వచ్చేశాను. ఆ కనుమ నాడు అమ్మ నన్ను పట్టుకుని ఆపలేదు. రెండు మాటలు చెప్పి, ఆకు కోసుకురావడానికి పెరట్లోకి వెళ్ళింది. అప్పుడు కండువా నా చేతిలోనే ఉంది. నేను దాన్ని మళ్ళీ దండెం మీద వేశాను. అక్క జబ్బేమిటని జాలరిని నేను ఒక్కసారి కూడా అడగలేదు.