అది రొయ్యల వాసన కాదు

మా చిన్నప్పుడు... సాయంత్రం నాలుగింటికి బడి వదలగానే నేనూ, మా చెల్లి చిట్టీ నేరుగా సెంటర్‌కి వెళ్ళి, చాప మీద నోటి మీద వేలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మాతోపాటు ఇంకో ఇరవై మంది. అమ్మలు రొయ్యల షెడ్డు నుంచి వచ్చేదాకా అలాగే.

మాది కలిదిండి వైపు పల్లె. అమ్మలందరూ షెడ్డులో రొయ్యల తలలు తీసే పనికి వెళ్ళేవారు. వాళ్ళ పిల్లలు చెరువు గట్ల మీద తిరక్కూడదని ఎవరో పుణ్యాత్ములు ఆ సెంటర్ పెట్టించారు. గోడ మీద సీతాకోకచిలుకలు... బోర్డు మీద "ఆట, పాట, ఆప్యాయత".

ఆట అద్దాల బీరువాలో ఉండేది, తాళం వేసి. ఎవరైనా కారులో చూడ్డానికి వస్తే సెంటర్ నడిపే మేడమ్ గారు తాళం తీసి బొమ్మలు మా చేతుల్లో పెట్టేవారు. కారు రోడ్డెక్కేలోపే లాక్కునేవారు. ఆప్యాయత కూడా అదే బీరువాలో ఉండేదనుకుంటాను... అది మాత్రం ఎప్పుడూ బయటికి తీయలేదు.

అమ్మలు గేటు దాటి రాకూడదు. నీచు వాసనట.

నాకప్పుడు పదేళ్ళు, చిట్టికి ఆరు. ఆ వానాకాలం చిట్టి పిలిస్తే పలకడం మానేసింది. మేడమ్ గారు రెండుసార్లు పిలిచి, "పొగరే నీకు" అని గోడ వైపు తిప్పి నిలబెట్టేవారు. తర్వాత కొన్నాళ్ళకి ముక్కు మూసుకోవడం మొదలుపెట్టారు.

"ఏంటే ఈ కంపు? మీ ఇంట్లో నీళ్ళు లేవా?"

"రొయ్యల వాసన మేడమ్. వాళ్ళమ్మ షెడ్డుకెళ్తుంది" అంది ఓ పిల్ల. ఆ పిల్ల వాళ్ళమ్మా షెడ్డుకే వెళ్తుంది. అయినా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి చిట్టి చోటు గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన. మేడమ్ గారు వచ్చీపోయేటప్పుడు దాని మీదుగా సెంటు కొట్టేవారు... బొద్దింకలకి మందు కొట్టినట్టు.

నాకు సిగ్గేసింది. మేడమ్‌ని చూసి కాదు, చిట్టిని చూసి. రోజూ పొద్దున్నే బోరింగు దగ్గర కూర్చోబెట్టి, తల మీద చెంబులు చెంబులు నీళ్ళు గుమ్మరించి, సబ్బేసి రుద్దేదాన్ని. అది తల పట్టుకుని ఏడ్చేది. "కదలకే, వాసన పోవద్దా" అని ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. అమ్మకి చెప్పలేదు. చెప్పినా తెలిసేది కాదేమో... షెడ్డులో క్లోరిన్ నీళ్ళకి ఆవిడ ముక్కు ఎప్పుడో మొద్దుబారింది.

ఓ సాయంత్రం వాన. నాగరత్నం పెద్దమ్మ మనవణ్ణి తీసుకెళ్ళడానికొచ్చి, తడుస్తూ గేటు బయట నిలబడలేక లోపలికి వచ్చేసింది. షెడ్డుకి వచ్చిన సరుకుని వాసన చూసి, పాడైంది పక్కన పెట్టించే మనిషి ఆవిడ.

"ఈ పిల్లనేంటండీ చెప్పుల్లో కూర్చోబెట్టారు?"

"నీచు వాసనమ్మా. మీకంటే అలవాటు, మా ముక్కులు తట్టుకోవద్దూ?"

పెద్దమ్మ ఒంగి చిట్టి జుట్టు వాసన చూసింది, మెడ చూసింది, ఎడమ చెవి దగ్గర ఆగింది. కొంగుతో తుడిచి, ఆ కొంగు మేడమ్ గారి ముందు పట్టింది.

"రొయ్య కాదండి ఇది. తాజా రొయ్య ఏదో, పాడైంది ఏదో ఇరవయ్యేళ్ళ నుంచి ఈ ముక్కుతోనే చెబుతున్నాను. ఇది చీము. పిల్ల చెవి కుళ్ళిపోతుంటే సెంటు కొడుతున్నారాండీ?"

"మాకేం తెలుస్తుందండీ... మేమేమన్నా డాక్టర్లమా?"

"ఒంగి చూడ్డానికి డాక్టరు చదువెందుకండీ. నడుముంటే చాలు."

మర్నాడు అమ్మ పని మానుకుని చిట్టిని బస్సులో ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. చెవి లోపలి పొరకి చిల్లు పడిందన్నారు. చెవిలోకి నీళ్ళు పోనివ్వకుండా ముందే తీసుకొస్తే ఇంతవరకూ వచ్చేది కాదన్నారు. ఆ నీళ్ళు పోసిందెవరో అమ్మ డాక్టర్లకి చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు... ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

చిట్టికి ఎడమ చెవి పెద్దగా వినపడదు. రోడ్డు దాటేటప్పుడు ఇప్పటికీ దాని ఎడమ పక్కన నేనే నడుస్తాను.

ఇప్పుడు నేను ఏలూరులో సీసీ కెమెరాలు బిగించే పని చేస్తాను. ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకున్నాను. మొన్న ఒక ఆఫ్టర్ స్కూల్ క్లబ్‌లో బిగించాను. ఏసీ, మెత్తటి చాపలు, ఇంగ్లీషు పాటలు... ఇరవై మందికి పైగా పిల్లలు, చూసుకోవడానికి ఒక్క ఆవిడ. ఓ పాప ఆవిడ కొంగు పట్టుకుని ఏదో చెప్పబోతుంటే యజమానురాలు పక్కకి లాగేసింది, తను తీస్తున్న ఫోటోకి అడ్డమని.

ఒక నాన్నగారు ఫోన్లో కెమెరా యాప్ పెట్టించుకుంటూ అడిగారు. "మా బాబు ఫేస్ క్లియర్‌గా కనిపిస్తుందాండీ?"

"కనిపిస్తుందండి. బాబుని చూసుకునే ఆవిడ పేరేంటండీ?"

"ఎవరు?"

"సాయంత్రాలు మీ బాబు దగ్గరుండే ఆవిడండి."

"ఆయా అనుకుంటానండీ" అన్నారాయన. మళ్ళీ వేళ్ళతో కొడుకు మొహం పెద్దది చేసి చూసుకున్నారు.

మా రోజుల్లో అమ్మల్ని గేటు బయట ఆపేవారు. వాళ్ళకి లోపలికి రావాలనుండేది. ఇప్పుడు గేటు తీసే ఉంటోంది... ఈ అమ్మానాన్నలే ఫోన్ బయట ఆగిపోతున్నారు. పైగా దానికి భద్రత అని పేరు.

మీ చిన్నప్పుడు సాయంత్రాలు మిమ్మల్ని దగ్గరకి తీసుకుని చూసిన మనిషెవరో కామెంట్లలో రాయండి, పేరుతో సహా. కింద మీ పిల్లల్ని ఇప్పుడు చూస్తున్న మనిషి పేరు కూడా రాయండి. తెలియకపోతే ఇక్కడ దండం బొమ్మలు పెట్టకండి... ఇవాళ సాయంత్రం వెళ్ళి అడిగి రండి.