అమీరవ్వ గల్లీలో రేకుల ఇల్లు

నల్గొండలో మా గల్లీ మలుపు దగ్గర అమీరున్నీసా గాజుల దుకాణం ఉంది. గల్లీ పిల్లలందరికీ ఆమె అమీరవ్వ. మిర్యాలగూడ నుంచి కోడలిగా వచ్చింది. భర్త జాఫర్ పోయాక దుకాణం తానే నడుపుతోంది. బతుకమ్మకూ రంజాన్‌కూ ఆమెకు తలెత్తే తీరిక ఉండదు. తల్లులు చెయ్యి చాపి కూర్చుంటే వెంట వచ్చిన పిల్లలు విసిగించేవాళ్లు. వాళ్లను ఊరుకోబెట్టడానికి ఖాళీ గాజుల డబ్బాలు చేతికిచ్చి, బొమ్మ ఇల్లు కట్టమనేదట. అట్లా మొదలైంది. ఇప్పుడు ఇంటింటికీ వచ్చే పార్సిళ్ల అట్టపెట్టెలు కూడా ఆమె దుకాణం ముందే చేరుతున్నాయి.

మా పాపను అక్కడికి పంపడానికి మొదట నాకు మనసొప్పలేదు. కెమిస్ట్రీ చదివి ల్యాబ్‌లో పనిచేస్తున్నదాన్ని. దేన్ని చూసినా ముందు ప్రమాదమే కనిపిస్తుంది. అట్టలు అతికించడానికి అవ్వ మైదాపిండి ఉడికించి లై చేసేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతుందని తెలిసి పరుగెత్తాను. పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు, అది విషం అని చెప్పాను. ఆమె వాదించలేదు. మర్నాటి నుంచి తుత్తం మానేసి ఏ రోజు లై ఆ రోజే ఉడికించింది.

"నీ బుగులు మంచిదే బిడ్డా. జర తగ్గించుకో, పిల్ల కూడ గట్లనే అయితది" అంది.

పిల్లలంతా కలిసి పెద్ద అట్ట మీద మా గల్లీనే బొమ్మగా కడుతున్నారు. అందుకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరిల్లు వాళ్లు కట్టకూడదు, ఇంకొకరిది కట్టాలి. కట్టే ముందు ఆ ఇంటికి వెళ్లాలి, లోపల కూర్చుని చూడాలి, పెట్టింది తినాలి. ఎందుకట్లా అని అవ్వను అడిగితే, "మనిల్లు మనకు ఎప్పుడు పెద్దగనే కనవడ్తది" అంది.

మా కిరాయి ఇల్లు సైఫ్ అనే పిల్లాడి వంతుకొచ్చింది. వాడు మెట్లు వంకరగా కత్తిరిస్తుంటే నేను సరిచేయబోయాను. "మీ మెట్లే వంకరున్నయి ఆంటీ. నేను సక్కగ చేస్తే అబద్ధమైతది" అన్నాడు. సైఫ్ వాళ్ల రేకుల ఇల్లు గ్రేస్ అనే పిల్ల కట్టింది. మా పాపకు గల్లీ చివర మారయ్య, సోమమ్మల రేకుల ఇల్లు వచ్చింది. సోమమ్మ ఉడకబెట్టిన పల్లికాయ ఒళ్లో పోసి, ఇంటి చుట్టూ తిప్పి చూపించిందట.

రేకులు ఎట్లా చేయాలో అవ్వ నేర్పింది. అట్టను తడిపి పైకాగితం మెల్లగా ఒలిస్తే లోపలి మడతలు అలలు అలలుగా బయటపడతాయి. అచ్చం రేకుల కప్పే. "గీ ఉపాయం నాది కాదు, సుమనది" అని చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగేది. సుమన మారయ్య కూతురు. తల్లిదండ్రులు కూలికి పోతే ఆ దుకాణంలోనే పెరిగింది. పరీక్షలకు చదివిందీ, పెళ్లికి గాజులు తొడిగించుకుందీ అక్కడే. ఇప్పుడు ఊరవతల కాలనీలో ఉంటూ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది.

ఆ సుమనే ఫిబ్రవరిలో ఒక ఆదివారం వచ్చింది. బడి వార్షికోత్సవంలో ఈ గల్లీ బొమ్మను పెడతామని, మన పిల్లలే పక్కన నిలబడి అందరికీ చెబుతారని, మళ్లీ భద్రంగా తెచ్చిస్తానని అంది. పిల్లలకు ఇష్టం లేదు. ఇంకా పూర్తికాలేదని గ్రేస్ గొణిగింది. అవ్వ వాళ్లను కూర్చోబెట్టింది.

"సుమన మన పిల్ల. ఆమె చేతుల పెడితే నా చేతుల ఉన్నట్టే."

ఆ మాట మీదే ఒప్పుకున్నారు.

వార్షికోత్సవం రోజు పిల్లలు ఉతికిన బట్టలు వేసుకుని, చెప్పాల్సింది ఆటోలో వల్లించుకుంటూ అవ్వతో వచ్చారు. నేనూ సెలవు పెట్టి వెళ్లాను. బొమ్మ హాలు మధ్యలో బల్ల మీద ఉంది. పక్కన ఆ బడి యూనిఫాం వేసుకున్న పిల్లలు నిలబడి, ఇది మేం తయారుచేసిన ఆదర్శ పట్టణం అని వచ్చినవాళ్లకు వివరిస్తున్నారు. గోడలన్నిటికీ ఒకటే తెల్లరంగు. మా ఇంటి వంకర మెట్లు తిన్నగా అయిపోయాయి. గల్లీ చివర రేకుల ఇళ్లున్న చోట ఆకుపచ్చ కాగితం అతికించి పార్కు అని రాశారు. గ్రేస్ కట్టిన సైఫ్ వాళ్ల ఇల్లూ లేదు. మా పాప బల్ల చుట్టూ తిరిగి తిరిగి వచ్చింది.

"అవ్వా, నేను కట్టిన ఇల్లేది?"

అవ్వ సుమనను పక్కకు పిలిచింది. నేను పాప చెయ్యి పట్టుకుని అక్కడే ఉన్నాను.

"రేకులయి తీసెయ్యమన్నరు అవ్వా. ఫోటోల మంచిగ రావన్నరు" అంది సుమన.

"ఎవలన్నరని అడుగుతలేను. తీసింది ఎవలు?"

"నేనే."

"అది మీ నాయిన ఇల్లని ఎరుకేనా?"

సుమన తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఎరుకనే. నేను గసోంటి ఇంట్ల పుట్టిన్నని గీడ ఎవలకూ తెల్వదు అవ్వా."

తీసిన ఇళ్లు ఎక్కడున్నాయని అవ్వ అడిగింది. చెత్తబండిలో వేసేశారట.

ఆటోలో తిరిగొచ్చాం. మా గల్లీ దగ్గరపడ్డాక సైఫ్ అన్నాడు, "నీ చేతుల ఉన్నట్టే అన్నవు గద అవ్వా." ఆమె చేతి గాజులు పైకీ కిందికీ తోసుకుంటూ కూర్చుంది.

బొమ్మ తిరిగి రాలేదు. అవ్వ అడగనూ లేదు. దుకాణం ముందు అట్టలు పేరుకుపోయాయి, పిల్లలు అటు పోవడం మానేశారు. ఒకరోజు సోమమ్మ దారిలో మా పాపను ఆపి, మా ఇల్లు అందరూ చూశారా అని అడిగింది. చూశారని పాప చెప్పింది. నేను పక్కనే ఉండి కూడా ఆ అబద్ధాన్ని సరిదిద్దలేదు. ఒకసారి నమ్మి దెబ్బతిన్న పిల్ల ఇక ఎవరినీ నమ్మదేమోనన్న బుగులు మాత్రం నన్ను పట్టుకుంది.

ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ఒక్కొక్కరే మళ్లీ వచ్చారు. అవ్వ లై ఉడికించి, పెద్ద అట్ట మీద గల్లీని కొత్తగా గీసి పెట్టింది. ఎవరికి ఎవరిల్లో చెప్పబోతుంటే గ్రేస్ ఆపింది.

"వద్దవ్వా. మా ఇల్లు మేమే కట్టుకుంటం."

మిగతావాళ్లూ అదే అన్నారు. అవ్వ కాసేపు వాళ్ల మొహాల్లోకి చూసి, అట్టలు పంచింది.

సాయంత్రానికి ఇళ్లు లేచాయి. మా పాప మాకు లేని మేడ కట్టింది. సైఫ్ ఇంటికి రేకులు పోయి స్లాబు వచ్చింది. అవ్వ గీసిన గల్లీ మీద పెట్టబోతే అవి పట్టలేదు. ఒకరి గోడ ఇంకొకరి గోడను నెట్టింది. ఎట్లాగో సర్దేసరికి మధ్యలో నడవడానికి దారి లేదు, చివర మారయ్య ఇంటికి జాగా లేదు. అవ్వ ఒక అట్టముక్కను నీళ్లలో తడిపి, పైకాగితం ఒలుస్తూ కూర్చుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరూ చూపలేదు.